అప్పిచ్చేటప్పుడు దొరికిన భాష జప్తు నాడు ఏమైపోయింది?

పూర్వం జప్తు అంటే కోర్టు అమీను గడప ముందుకు వచ్చేవాడు. ఇంట్లోని ఇత్తడి బిందెలు, గంగాళాలు, కొట్టంలోని గొడ్లు జాబితాకెక్కేవి. వీధి వీధంతా చూసేది. అది అవమానమే, సందేహం లేదు. కాని ఎవరు వచ్చారో, ఎవరి దావా మీద వచ్చారో, ఎంత బాకీకి వచ్చారో ఆ ఇంటివారికి తెలిసేది. అడగడానికి ఎదుట ఒక మనిషి నిలబడి ఉండేవాడు. నోరు తెరిచి అడిగితే ఏదో ఒక జవాబు దొరికేది.

నేటి జప్తు అలా రాదు. జీతం పడిందని ఏటీఎంకు వెళ్ళిన మనిషికి యంత్రం డబ్బు ఇవ్వదు. బ్యాంకు శాఖకు వెళితే ఖాతాపై ఉత్తర్వు ఉన్నదంటారు. ఎవరి ఉత్తర్వు, ఎంత మొత్తానికి, ఎంతకాలం అన్న ప్రశ్నలకు కౌంటరు వెనుక ఒక ఇంగ్లీషు కాగితం కనిపిస్తుంది గాని చేతికి రాదు. ఇంటి అద్దె, బియ్యం కొట్టు బాకీ, బడి ఫీజు, ముసలివారి మందులు అన్నీ ఆ ఒక్క కాగితం వెనుక చిక్కుకుంటాయి.

ఈ మాటలు అప్పులు ఎగవేయమని చెప్పడానికి రాస్తున్నవి కావు. తీసుకున్న అప్పు తీర్చవలసిందే. న్యాయస్థానం ఇచ్చిన తీర్పు అమలు కావలసిందే. మన అభ్యంతరం వేరు. చట్టం పేదవాడి కూలిని, ముసలివాడి పింఛనును, కార్మికుడి జీతంలో పెద్ద భాగాన్ని జప్తు నుంచి కాపాడింది. అయితే ఆ కాపుదల అడిగినవాడికే దక్కుతుంది. అడగాలంటే తెలియాలి. తెలియాలంటే కాగితం అర్థం కావాలి. తెలుగు ఇళ్ళకు ఆ కాగితాన్ని అర్థమయ్యే భాషలో ఇవ్వకపోవడమంటే, చట్టం ఒక చేత్తో ఇచ్చినదాన్ని భాష పేరున మరొక చేత్తో లాక్కోవడమే. మన తగవు దానితోనే.

రాజపాళయం మనకు అద్దం

హోసూరు, తిరుత్తణి, గుమ్మిడిపూండి ప్రాంతాల పాఠకులు ఒక మాట అడగవచ్చు: సరిహద్దుకు ఎంతో దక్షిణాన, పడమటి కనుమల పాదాల దగ్గర, విరుదునగర్ జిల్లాలో ఉన్న రాజపాళయం సంగతి మాకెందుకు? ఎందుకంటే మన ఊళ్ళు రేపు ఎలా ఉండబోతున్నాయో ఆ ఊరు ఇవాళే చూపుతున్నది.

శతాబ్దాల క్రితం అక్కడ స్థిరపడిన రాజుల కుటుంబాలు నేటికీ ఇంట తెలుగే మాట్లాడుతున్నాయి. వారితోపాటు తమిళనాడు దక్షిణ జిల్లాలలోని నాయుళ్ళ ఇళ్ళలో, రెడ్డియార్ల ఇళ్ళలో, ఊళ్ళను శుభ్రం చేసే పనికి కట్టుబడిపోయిన అరుంధతీయుల ఇళ్ళలో తెలుగు వినిపిస్తుంది. 1949 నుంచి 1952 వరకు మద్రాసు రాష్ట్రానికి ముఖ్యమంత్రిగా ఉండి, ఆ తరువాత ఒరిస్సా గవర్నరయిన పి.ఎస్. కుమారస్వామి రాజా ఈ ఊరివారే. 1936లో పి.ఏ.సి. రామసామి రాజా స్థాపించిన నూలు మిల్లుతో మొదలై ఈ ఊరు నేత, నూలు, సిమెంటు పరిశ్రమలకు పేరెన్నికగన్నది. పక్కనే ఉన్న సత్రపట్టి మగ్గాల మీద ఆసుపత్రుల కట్టుగుడ్డ నేస్తారు. ఇంత శ్రమ, ఇంత వ్యాపారం, ఇంత రాజకీయ ప్రతిష్ఠ ఉన్న ఊరిలో తెలుగు మాట మిగిలింది, తెలుగు అక్షరం మాత్రం చాలా ఇళ్ళలో మిగలలేదు. అమ్మతో మాట్లాడే భాష ఒకటి, బడిలో చదివే భాష మరొకటి, బ్యాంకు కాగితం మీది భాష ఇంకొకటి.

సరిహద్దు జిల్లాలలో ఇదే క్రమం మొదలై చాలా ఏళ్ళయింది. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలో కలిసింది. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం ఒకటవ తరగతి నుంచి తమిళాన్ని తప్పనిసరి చేసింది. తెలుగు బడుల సంగతి మన పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. బడి పోతే పద్యం పోతుందని మనం దుఃఖించాం. పద్యంతోపాటు పాసుపుస్తకం కూడా పోతుందని, అక్షరం పోయిన ఇంట్లో జీతం ఎటు పోయిందో చదివి చెప్పేవారు ఉండరని గుర్తించలేదు. భాషా హక్కు అంటే సాహిత్యాభిమానుల సరదా అని వెక్కిరించేవారికి రాజపాళయంలో నిలిచిపోయిన ఒక ఖాతాను చూపితే చాలు.

గోడకు అంటించే హెచ్చరిక

ఖాతా జప్తుకు న్యాయశాస్త్రంలో గార్నిషీ ఉత్తర్వు అని పేరు. ఆ పదం పాత ఫ్రెంచి భాష నుంచి ఇంగ్లీషు న్యాయస్థానాలకు వచ్చింది. దాని మూలార్థం హెచ్చరించడం. గార్నిషీ అంటే హెచ్చరిక పొందినవాడు. ఎవరా హెచ్చరిక పొందినవాడు? ఖాతాదారు కాదు, బ్యాంకు. మనం బ్యాంకులో దాచిన సొమ్ము చట్టం దృష్టిలో బ్యాంకు మనకు బాకీ పడిన సొమ్ము. మనకు అప్పిచ్చి కోర్టులో డిక్రీ సంపాదించినవాడు, బ్యాంకు మనకు ఇవ్వవలసిన ఆ బాకీని తనకు ఇప్పించమని కోర్టును అడుగుతాడు. కోర్టు బ్యాంకును హెచ్చరిస్తుంది: ఆ సొమ్ము అతనికి ఇవ్వవద్దు, ఇక్కడ జమచేయి, లేదా ఎందుకు చేయవో వచ్చి చెప్పు.

1908 నాటి సివిల్ ప్రొసీజరు కోడ్, 21వ ఆర్డరు, 46వ నిబంధన ఈ జప్తుకు దారి. 1976 సవరణతో చేరిన 46-ఏ మొదలైన నిబంధనలు బ్యాంకుకు పంపే నోటీసు సంగతి చెబుతాయి. ఆ 46వ నిబంధనలో ఉన్న ఏర్పాటును మన పాఠకులు శ్రద్ధగా గమనించాలి. జప్తు ఉత్తర్వు నకలు ఒకటి కోర్టు భవనంలో బాగా కనిపించే చోట అంటించాలి. మరొక నకలు బాకీ ఉన్నవాడికి, అంటే బ్యాంకుకు, పంపాలి. సొమ్ము ఎవరిదో ఆ మనిషికి నేరుగా పంపే నకలు ఆ ఏర్పాటులో లేదు. అతనికి మిగిలినది కోర్టు గోడ. విరుదునగర్ జిల్లా ప్రధాన న్యాయస్థానం శ్రీవిల్లిపుత్తూరులో ఉన్నది. ఏ మిల్లు కార్మికుడు షిఫ్టు ముగించుకొని వెళ్ళి కోర్టు గోడలు చదువుతాడు? చదివినా, ఏ గోడ మీద తెలుగు ఉన్నది?

కోర్టు డిక్రీ ఒక్కటే ఖాతాను ఆపుతుందనుకోరాదు. ఖాతాకు తాళం పడే తలుపులు నాలుగు. మొదటిది ఇప్పుడు చెప్పిన సివిల్ కోర్టు. దావా ముగియకముందే 38వ ఆర్డరు కింద వేసే ముందస్తు జప్తు కూడా ఈ కోవలోదే. రెండవది పన్నుల శాఖలు. ఆదాయపు పన్ను అధికారులకు, జీఎస్టీ అధికారులకు కోర్టు మెట్లెక్కకుండానే బ్యాంకుకు నోటీసు పంపే అధికారం ఉన్నది. మూడవది పోలీసు. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 106వ సెక్షను ప్రకారం, నేరంతో సంబంధం ఉన్నదని అనుమానం కలిగిన ఆస్తిని పోలీసులు స్వాధీనం చేసుకోవచ్చు. బ్యాంకు ఖాతా కూడా ఆస్తేనని సుప్రీంకోర్టు 1999లోనే పాత నేర ప్రక్రియా స్మృతిని వివరిస్తూ చెప్పింది. సరుకు అమ్మి ఫోను ద్వారా పుచ్చుకున్న సొమ్ము ఎక్కడో జరిగిన మోసంలో భాగమని తేలితే, పొరుగు రాష్ట్రపు పోలీసు ఉత్తరంతో చిన్న వ్యాపారి ఖాతా ఆగిపోవచ్చు. నాలుగవది బ్యాంకే తన బాకీ కింద మన సొమ్మును సర్దుకోవడం. ఇది జప్తు కాదు, కాని చేతికి డబ్బు రానివాడికి తేడా తెలియదు.

ఈ నాలుగింటికీ నాలుగు వేరు వేరు దారులు, వేరు వేరు గడువులు ఉన్నాయి. కోర్టు జప్తుకు పన్ను ఆఫీసులో మొర పెట్టుకున్నా, పోలీసు నిలుపుదలకు బ్యాంకు మేనేజరును బతిమాలుకున్నా కాలం వృథా. కాగితం చదవలేనివాడు సరిగ్గా ఇక్కడే దారి తప్పుతాడు.

అడిగినవాడికే దక్కే కాపుదల

సివిల్ ప్రొసీజరు కోడ్ 60వ సెక్షను మన దేశపు పేదవాడికి ఒక కోట వంటిది. కూలీల వేతనాన్ని, ఇంటి పనివారి వేతనాన్ని డిక్రీ కింద జప్తు చేయరాదని అది చెబుతుంది. చేతివృత్తులవారి పనిముట్లను, రైతు సేద్యపు సాధనాలను ముట్టరాదు. ప్రావిడెంటు ఫండు నిల్వను, జీవిత బీమా సొమ్మును, పింఛనుదారుల పింఛనును, గ్రాట్యుటీని ముట్టరాదు.

జీతగాళ్ళ విషయంలో ఒక లెక్క ఉన్నది. జీతంలో మొదటి 1000 రూపాయలు, మిగిలినదానిలో మూడింట రెండు వంతులు జప్తుకు అందవు. నెలకు 19,000 రూపాయల జీతం ఉన్న మిల్లు గుమాస్తాను తీసుకుందాం. మొదటి 1000 పక్కన పెడితే మిగిలేది 18,000. అందులో మూడింట రెండు వంతులు 12,000. అంటే 13,000 రూపాయలు అతనివే, డిక్రీదారుకు అందేది 6,000 మాత్రమే. అది కూడా ఎల్లకాలం కాదు. మొత్తం 24 నెలలపాటు జప్తు నడిచిన తరువాత అదే డిక్రీ కింద ఆ జీతాన్ని మళ్ళీ ముట్టరాదు. భార్యాబిడ్డల మనోవర్తి డిక్రీలకు మాత్రం ఈ లెక్క వర్తించదు. అక్కడ జీతంలో మూడింట ఒక వంతే రక్షణలో ఉంటుంది. అది న్యాయమే.

ఈ హక్కును వదులుకుంటున్నానని మనం ఏ కాగితం మీద సంతకం చేసినా అది చెల్లదని 1976లో ఆ సెక్షనుకు చేర్చిన మాట స్పష్టంగా చెబుతుంది. అప్పు పత్రంలో చిన్న అక్షరాలలో ఏమి రాయించుకున్నా సరే. పింఛను, గ్రాట్యుటీ చేతికి వచ్చి బ్యాంకులో పడినంత మాత్రాన వాటి స్వభావం మారదని, రక్షణ పోదని రాధేశ్యామ్ గుప్తా కేసులో సుప్రీంకోర్టు 2008లో తీర్పు చెప్పింది. అక్కడ ఎదుటి పక్షం ఒక జాతీయ బ్యాంకే కావడం గమనార్హం.

ఇంత కోట కట్టిన చట్టం తలుపు తాళం మాత్రం ఖాతాదారు చేతికే ఇచ్చింది. ఖాతాలో పడిన సొమ్ము కూలిదో, పింఛనుదో బ్యాంకు తనంతట తాను వేరుచేసి చూడదు. ఉత్తర్వు వచ్చిందా, ఖాతా ఆగింది. ఇది రక్షిత సొమ్ము అని కోర్టుకు వెళ్ళి రుజువు చేసుకోవలసినది మనమే. అన్ని దేశాలలో ఇలా లేదు. జర్మనీలో 2010 జూలై 1 నుంచి ఎవరైనా తమ ఖాతాను రక్షిత ఖాతాగా మార్పించుకోవచ్చు. నెలకు బతకడానికి కావలసిన నిర్ణీత మొత్తం అందులో జప్తుకు అందకుండా ఉంటుంది. అమెరికాలో 2011 మే నెలలో అమలులోకి వచ్చిన నిబంధన ప్రకారం, జప్తు ఉత్తర్వు అందిన బ్యాంకే గత రెండు నెలల జమలను పరిశీలించి, ప్రభుత్వ పింఛను వంటి సొమ్మును తనంతట తానే విడిచిపెట్టాలి. వృద్ధుడు కోర్టుకు పరుగెత్తనక్కరలేదు. ఏ జమ ఎక్కడినుంచి వచ్చిందో మన బ్యాంకుల కంప్యూటర్లకూ తెలుసు. కొరవడినది యంత్రం కాదు, సంకల్పం.

భాష ఎక్కడ మాయమయింది?

ఇక అసలు తగవుకు వద్దాం. మన బ్యాంకులకు ప్రజల భాషలు తెలియవనుకుంటే పొరపాటు. కావలసినప్పుడు బాగా తెలుసు. ఇంగ్లీషు కాక తన భాషలో సంతకం పెట్టే మనిషికి అప్పిచ్చేటప్పుడు అతని చేత ఒక ప్రకటన రాయించుకునే అలవాటు బ్యాంకులలో ఉన్నది. ఈ పత్రంలోని షరతులన్నీ నాకు తెలిసిన భాషలో చదివి వినిపించారు, నేను అర్థం చేసుకొని సంతకం చేశాను అని దాని సారాంశం. జామీను ఉన్నవారి చేతా అలాంటి సంతకాలు తీసుకుంటారు. బావమరిది మగ్గాల షెడ్డుకు జామీను ఉన్నవాడు, అప్పు తీసుకున్నవాడితో సమానంగా బాకీకి బాధ్యుడవుతాడు. ఆ ఒక్క వాక్యం తెలుగులో చెబితే ఎన్ని సంతకాలు ఆగిపోయేవో!

బ్యాంకేతర ఆర్థిక సంస్థలకు రిజర్వు బ్యాంకు విధించిన న్యాయవర్తన నియమావళి ఇంకా స్పష్టంగా మాట్లాడింది. అప్పు తీసుకున్నవారితో ఉత్తర ప్రత్యుత్తరాలు ప్రాంతీయ భాషలోగాని, అతనికి అర్థమయ్యే భాషలోగాని ఉండాలన్నది. బ్యాంకులకు 2015 జూలైలో ఇచ్చిన మాస్టర్ సర్కులరు ఖాతాదారులు వాడే ఫారాలు, పాసుపుస్తకాలు ఇంగ్లీషు, హిందీ, ఆ ప్రాంతపు భాష, ఈ మూడింటిలో ఉండాలని చెప్పింది. రాజపాళయంలో ఆ ప్రాంతపు భాష అంటే తమిళం. హోసూరులోనూ తమిళమే. మూడు భాషల సూత్రంలో నాలుగవ భాషగా మిగిలినది అక్కడి ఇంటి భాష.

ఇప్పుడు రెండు దృశ్యాలను పక్క పక్కన పెట్టి చూడండి. సొమ్ము ఇచ్చేటప్పుడు, రేపు కోర్టులో తమ దావా వీగిపోకుండా ఉండడానికి, మనిషికి అర్థమయ్యే భాష కోసం సంస్థ వెతుకుతుంది, చదివి వినిపించామని రుజువు దాచుకుంటుంది. సొమ్ము లాక్కునేటప్పుడు, రక్షణ కోరవలసినవాడు ఆ మనిషి అయినప్పుడు, ఏ భాషా దొరకదు. అప్పుడు ఇంగ్లీషు కాగితం, "పై నుంచి వచ్చింది" అన్న మాట, రెండు భుజాలు ఎగరేయడం మాత్రమే మిగులుతాయి. అంటే మన భాష వారికి తెలియక కాదు. మన భాష వారి రక్షణకు పనికివస్తుంది, మన రక్షణకు పనికిరాదు. దీనిని అజ్ఞానం అనడానికి వీలులేదు. ఇది పక్షపాతం.

"మీకు తమిళం రాదా?"

దీనికి ఎదురుగా వచ్చే వాదన మనకు తెలిసినదే. రాజపాళయం తెలుగువారికి తమిళం రాదా? తరతరాలుగా తమిళంలోనే చదివారు కదా? తెలుగు లిపి చదవలేనివారికి తెలుగు నోటీసు పంపితే ఉపయోగమేమిటి?

ఇది తేలికగా కొట్టివేయదగిన వాదన కాదు. అక్కడి తెలుగువారికి తమిళం వచ్చు, బాగా వచ్చు, అది వారి రాష్ట్ర భాష. తమిళంతో మనకు పగ లేదు. తమిళనాడు దిగువ కోర్టులలో తమిళం నడవడం తెలుగు కోర్టులకు కూడా ఆదర్శం కావలసినదే. అయితే ఖాతాలు ఆపే కాగితాలలో ఎన్ని తమిళంలో వస్తున్నాయి? కేంద్ర పన్ను శాఖల నోటీసులు, బ్యాంకు ప్రధాన కార్యాలయాల ఉత్తరాలు ఇంగ్లీషువి. కాబట్టి ఈ విషయంలో తమిళుడూ మన పక్కనే నిలబడి ఉన్నాడు. అతని భాషకు రావలసినది రానివ్వండి, మన భాషకు రావలసినదీ రానివ్వండి. ఒకరి గిన్నెలోది తీసి మరొకరి గిన్నెలో పోయమని మనం అడగడం లేదు.

లిపి మాటకు జవాబు ఇంకా సులువు. అర్థం కావలసినది విషయం. లిపి చదవగలవారికి తెలుగు లిపిలో ఇవ్వండి. లిపి పోయిన ఇళ్ళకు తెలుగు మాటలను తమిళ అక్షరాలలో రాసి ఇవ్వండి, లేదా ఎదుట కూర్చోబెట్టి తెలుగులో చెప్పి, చెప్పినట్టు నమోదు చేయండి. అప్పు నాడు చదివి వినిపించినవారు జప్తు నాడు ఎందుకు వినిపించలేరు? ఎనభై ఏళ్ళ అవ్వకు పింఛను ఎందుకు ఆగిందో ఆమె కలగనే భాషలో చెప్పడం ఏ రాజ్యానికీ భారం కాదు. పైగా లిపి పోవడం ఆ ఇళ్ళ తప్పు అన్నట్టు మాట్లాడేవారు, ఆ లిపిని నేర్పే బడులు ఎలా పోయాయో కూడా చెప్పాలి.

రాజ్యాంగం ఈ విషయంలో మూగగా లేదు. కష్టం తీర్చమని కేంద్రానికిగాని, రాష్ట్రానికిగాని చెందిన ఏ అధికారికైనా, అక్కడ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా విన్నపం ఇచ్చుకునే హక్కు 350వ అధికరణం ప్రతి మనిషికీ ఇచ్చింది. 1956లో చేరిన 350-బి అధికరణం భాషా అల్పసంఖ్యాకుల కోసం ప్రత్యేక అధికారిని ఏర్పరచింది. 1956 నాటి కేంద్ర మెమొరాండం, 1961 నాటి ముఖ్యమంత్రుల సమావేశంతో రూపుదిద్దుకున్న రక్షణలు మరొక మెట్టు దిగి వచ్చాయి. జిల్లాలోగాని, మునిసిపాలిటీ, తాలూకా వంటి చిన్న ప్రాంతంలోగాని 15 శాతం మంది మాట్లాడే భాషలో ముఖ్యమైన ప్రకటనలు, నిబంధనలు ప్రచురించాలని అవి చెబుతున్నాయి. ఈ మాటలు పుస్తకాలలో పదిలంగా ఉన్నాయి. వాటిని కౌంటరు దాకా తీసుకురావలసిన పని మనది.

ఖాతా ఆగిన నాడు చేయవలసినవి

ఆవేశం ఒక్కటే ఖాతా తాళం తీయదు. కాబట్టి చేయవలసిన పనులు వరుసగా చెప్పుకుందాం.

ముందుగా బ్యాంకు మేనేజరుకు రాతపూర్వకంగా అర్జీ ఇవ్వాలి. ఉత్తర్వు ఇచ్చిన అధికారి ఎవరు, దాని నంబరు, తేదీ, మొత్తం ఎంత అన్నవి అడగాలి. ఉత్తర్వు నకలు కోరాలి. అర్జీ తెలుగులో రాసి, కింద తమిళంలోనో ఇంగ్లీషులోనో సారాంశం చేర్చండి. అందినట్టు ముద్ర, తేదీ వేయించుకోండి. నోటిమాటగా అడిగినది గాలిలో కలుస్తుంది.

తరువాత పాసుపుస్తకం ముందు పెట్టుకొని ప్రతి జమ పక్కన అది జీతమో, కూలో, పింఛనో, సరుకు అమ్మిన సొమ్మో రాయండి. మిల్లు నుంచి జీతపు చీటీలు, పింఛను కాగితాలు సేకరించండి. కోర్టులో 60వ సెక్షను కింద సొమ్ము విడుదల కోరడానికి ఇదే ఆధారం. జీతం, పింఛను పడే ఖాతాను వ్యాపారపు ఖాతాతో కలపకుండా ముందునుంచే వేరుగా ఉంచుకోవడం మంచిది.

మూడవ మాట: దావా సంగతే తెలియకుండా ఏకపక్షంగా డిక్రీ అయి ఉంటే, దానిని కొట్టివేయమని 9వ ఆర్డరు 13వ నిబంధన కింద అడగవచ్చు. గడువు డిక్రీ నాటినుంచి 30 రోజులు. సమన్లు సరిగా అందనప్పుడు డిక్రీ సంగతి తెలిసిన నాటినుంచి 30 రోజులు. ఖాతా ఆగిందని తెలిసిన రోజే క్యాలెండరు మీద గుర్తు పెట్టుకోండి. ఉమ్మడి ఖాతాలో అప్పుతో సంబంధం లేని భార్య సొమ్మో, తల్లి సొమ్మో చిక్కుకుంటే, వారు తమ పేరున 21వ ఆర్డరు 58వ నిబంధన కింద అభ్యంతరం వేయవచ్చు. కోర్టుకు ఇచ్చే కాగితం న్యాయవాది ద్వారా కోర్టు భాషలోనే ఇవ్వాలి. అక్కడ పంతం పట్టి గడువు పోగొట్టుకోరాదు.

జీఎస్టీ అధికారులు 83వ సెక్షను కింద తాత్కాలిక జప్తు చేసి ఉంటే ఆలస్యం చేయకుండా అభ్యంతరం దాఖలు చేయాలి. ఆ జప్తు ఒక సంవత్సరానికి మించి నిలవదు. ఈ అధికారం ఎంతో కఠినమైనదని, ఆచితూచి వాడాలని 2021 ఏప్రిల్‌లో రాధాకృష్ణ ఇండస్ట్రీస్ కేసులో సుప్రీంకోర్టు హెచ్చరించింది. సత్రపట్టి మగ్గాలవారు ఈ తీర్పు పేరు గుర్తుంచుకోదగినది. పోలీసులు ఆపిన ఖాతా అయితే, ఉత్తరం పంపిన స్టేషను, కేసు నంబరు తెలుసుకొని, సరుకు అమ్మిన బిల్లులతో దర్యాప్తు అధికారికి జవాబు పంపాలి. అక్కడ కదలకపోతే సంబంధిత మేజిస్ట్రేటును ఆశ్రయించాలి. తగవులో లేని మిగతా సొమ్మును వాడుకోనివ్వమని అడగడం మరువరాదు.

న్యాయవాదికి డబ్బు లేదని ఆగిపోవద్దు. 1987 నాటి న్యాయసేవల చట్టం స్త్రీలకు, షెడ్యూల్డు కులాలవారికి, తెగలవారికి, పారిశ్రామిక కార్మికులకు ఉచిత న్యాయ సహాయం ఇస్తున్నది. 15100 నంబరుకు ఫోను చేయవచ్చు. బ్యాంకు జవాబే ఇవ్వకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. 2021 నవంబరు 12న మొదలైన సమీకృత పథకం ప్రకారం చండీగఢ్ కేంద్రానికి ఏ భాషలోనైనా ఫిర్యాదు పంపవచ్చునని రిజర్వు బ్యాంకు అప్పుడే ప్రకటించింది. కోర్టో, మరొక అధికారో ఇచ్చిన ఉత్తర్వును అంబుడ్స్‌మన్ రద్దు చేయలేడు. కాని సమాచారం దాచిన బ్యాంకును, ఉత్తర్వులో చెప్పినదానికంటే ఎక్కువ సొమ్ము ఆపిన బ్యాంకును ప్రశ్నించగలడు.

చేయకూడనిది ఒకటున్నది. జప్తు ఉత్తర్వు వచ్చిన తరువాత సొమ్మును, ఆస్తిని బంధువుల పేర దాటించడం. అలాంటి బదిలీ డిక్రీదారు మీద చెల్లదు, ఉన్న న్యాయం కూడా మన చేతులారా పాడవుతుంది. వాయిదాలలో కడతామని అప్పిచ్చినవాడితో రాజీకి రావడం ఎప్పుడూ మేలు.

మనం కోరవలసినది, మనం చేయవలసినది

బ్యాంకులను, రిజర్వు బ్యాంకును, ప్రభుత్వాలను మనం అడగవలసినవి నాలుగు. ఖాతా ఆపిన రోజే ఖాతాదారుకు ఉత్తర్వు నకలు అందాలి. ఎవరు ఆపారు, ఎంత ఆపారు, ఏ సొమ్ము రక్షితం, ఎక్కడికి వెళ్ళాలి అన్నవి ఒక పుటలో అతని ఇంటి భాషలో రాసి దానికి జతచేయాలి. ఖాతా తెరిచే ఫారంలో ఇంటి భాష అన్న గడి ఒకటి ఉండాలి. జీతం, కూలి, పింఛను జమలను ఖాతాదారు కోర్టుకెక్కకముందే బ్యాంకే గుర్తించి, వాటి వివరాన్ని ఉత్తర్వు ఇచ్చిన అధికారికి తెలపాలి. తెలుగువారు గణనీయంగా ఉన్న తాలూకాల న్యాయసేవా సంఘాలలో తెలుగు మాట్లాడే స్వచ్ఛంద సహాయకులను నియమించాలి. వీటిలో ఏ ఒక్కదానికీ కొత్త రాజ్యాంగం రాయనక్కరలేదు.

ఇక మన వంతు. ఊరూరా తెలుగు సంఘాలున్నాయి. ఉగాదికి పంచాంగ శ్రవణం చేస్తాం, కవి సమ్మేళనం చేస్తాం. నెలకొక ఆదివారం కాగితాలు చదివే రోజు అని పెట్టుకోలేమా? చదువుకున్న ఇద్దరు పిల్లలు, వీలైతే ఒక న్యాయవాది కూర్చొని, వచ్చినవారి నోటీసులు, పాసుపుస్తకాలు, జామీను పత్రాలు తెలుగులో చదివి వినిపిస్తే చాలు. సంతకం పెట్టకముందు వినిపిస్తే మరీ మేలు. తెలుగు గొప్పదని పొగిడే సభకు రానివాడు తన జీతం కాగితం చదివిపెట్టే సభకు తప్పక వస్తాడు. వచ్చినవాడి పిల్లలకు అక్కడే నాలుగు అక్షరాలు నేర్పవచ్చు.

వంటింట్లో మాత్రమే బతికే భాష వంటింటిని కాపాడలేదు. పొయ్యి మీద బియ్యం ఉడకాలంటే ఖాతాలో జీతం ఉండాలి, ఆ జీతాన్ని ఆపిన కాగితాన్ని నిలదీయగల భాష మన నోట ఉండాలి. రాజపాళయం ఇళ్ళలో ఆ నోరు ఇంకా తెలుగే మాట్లాడుతున్నది. దానికి తెలుగులో జవాబు చెప్పవలసిన బాధ్యత బ్యాంకుది, ప్రభుత్వానిది. ఆ జవాబు వచ్చేదాకా అడుగుతూ ఉండవలసిన బాధ్యత మనది.